బొమ్మయీగ చరిత్రము

తొలకరి జల్లు కురిసిన సాయంకాలము మన యూరి చెరువుకట్టమీద నిలుచున్నవారికి ఒక దృశ్యము తప్పక కనబడును. పుట్టలలోనుండి ఉసిళ్ళు వేనవేలుగా లేచును. వానిలో కొన్ని దీపముల పాలగును, కొన్ని నీటి పాలగును. నీటిపై రెక్కలు తడిసి కొట్టుకొను ఉసిళ్ళకై చేపలు పైకి వచ్చి గుటుక్కున మ్రింగును. నిన్నటివరకు వానపామును గ్రుచ్చిన గాలమునకు ఆశపడిన చేప, ఆ పూట దానివంక చూడనైన చూడదు. ఆ ఘడియలో తన యెదుట ఏది సమృద్ధిగా దొరకునో దానినే కోరును. బెస్తవారి యనుభవములో ఇది క్రొత్తమాట కాదు.

నేటి ప్రసంగము ఈ చిన్న రహస్యముమీద నిలిచిన ఒక వేటను గూర్చినది. చలిదేశముల యేళ్ళలో ట్రౌటు అను మచ్చల చేప యొకటి కలదు. దానిని పట్టుటకు అచ్చటివారు చిన్నగాలమునకు ఉన్ని, పట్టుదారము, పక్షియీక చుట్టి, ఈగవంటి బొమ్మను చేసి నీటిపై విసరుదురు. ఆ బొమ్మయీగను ఎన్నుకొనుటయు, విసరుటయు కాలక్రమమున ఒక విద్యగా పెరిగినవి.

“కొడంగల్ ప్రాంతమున ట్రౌటు లేదుగదా, ఈ ముచ్చట మాకేల?” అని మీరడుగవచ్చును. రెండు కారణములు చెప్పెదను. గాలపువేటను గ్రంథమున కెక్కించిన రాజు ఒకడు మన సీమ నేలిన వంశమువాడు. మరియు ఆ బొమ్మయీగల యొడలికి చుట్టు ఈకలలో, మన కందిచేలలో తిరుగు నెమలిజాతి యీకయు కలదు. మూడవ కారణము కూడ నున్నది. దానిని చివర మనవి చేసెదను.

మొదట రాజును గూర్చి. మన కాగ్నానది వికారాబాదు ప్రాంతపు ఎత్తునేలలలో పుట్టి, తాండూరు ప్రక్కగా పడమరకు పారి, మల్ఖేడు కోటను ఒరసికొని పోయి భీమానదిలో కలియును. ఆ మల్ఖేడే పూర్వపు మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. పదవ శతాబ్దాంతమున రాష్ట్రకూటులను జయించిన చాళుక్య తైలపుడును మొదట అచ్చటనుండియే పాలించెను. తరువాతి శతాబ్దమున చాళుక్యుల రాజధాని కల్యాణికి మారెను. అదియే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనే యుండెను గనుక, ఈ యూళ్ళ పేర్లు మన పెద్దలకు పరాయివి కావు.

ఆ కల్యాణిలో 1126 మొదలు 1138 వరకు మూడవ సోమేశ్వరుడు రాజ్యము చేసెను. భూలోకమల్లుడని అతని బిరుదము. 1129 ప్రాంతమున అతడు ‘మానసోల్లాసము’ అను సంస్కృత గ్రంథమును కూర్చెను. దానికే ‘అభిలషితార్థచింతామణి’ యని మరియొక పేరు. అందు నూరు అధ్యాయములు. రాజనీతి, వైద్యము, పాకము, సంగీతము, ఏనుగులు, గుఱ్ఱములు, ఒకటేమి, రాజు తెలిసికొనదగిన దెల్ల అందున్నది. వినోదములను చెప్పు నాలుగవ భాగమున ‘మత్స్యవినోదము’ అని గాలపువేటకు ఒక ప్రకరణము కలదు. అందు ముప్పదియైదు విధముల చేపలు పేర్కొనబడినవి. సముద్రపు చేపలేవి, ఏటి చేపలేవి, పొలుసు గలవేవి, లేనివేవి, పెద్దవేవి, చిన్నవేవి అను విభాగము కలదు. ఏ చేప యేమి తినును, దానికి మేతవేసి ఎట్లు మరపవలెను, గాలపుత్రాడు ఎట్టిదై యుండవలెను అను విషయములును కలవు. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణమును ఇంగ్లీషున వివరించి ప్రకటించుటతో దీని విలువ లోకమునకు తెలిసినది.

మానసోల్లాసములోని వేట నిజమైన యెరతో చేయునది. అయినను చేప తిండిని ముందు తెలిసికొని, పిమ్మట గాలము వేయవలెనను మూలసూత్రము అందు రాజమర్యాదతో నిలిచియున్నది. ఈ సూత్రమునే పట్టుకొని, నిజమైన యెరను విడిచి, బొమ్మను చేసిన కథకై మనము పడమటి దేశములకు పోవలెను.

క్రీస్తుశకము 200 ప్రాంతమున రోములో నుండిన ఈలియను అను రచయిత జంతువుల స్వభావములనుగూర్చి గ్రీకుభాషలో ఒక గ్రంథము వ్రాసెను. అందొకచోట మాసిడోనియా దేశపు ఆస్ట్రియసు అను ఏటిలో మచ్చల చేపలు కలవనియు, అవి ఆ ఏటిమీద తిరుగు ఒక జాతి యీగలను పట్టి తినుననియు చెప్పెను. అచ్చటి జాలరులు ఆ యీగను పట్టి గాలమునకు గ్రుచ్చజూచిరి. కాని మనుష్యుని చేయి తగిలినంతనే దాని రంగు చెడును, రెక్కలు వాడును. చేప దానిని ముట్టదు. అప్పుడు వారు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింద పెరుగు మైనపువన్నె యీకలు రెండు కట్టిరి. ఆరడుగుల కర్ర, ఆరడుగుల దారము. చేప మోసపోయెను. బొమ్మయీగను గూర్చి మనకు స్పష్టముగా దొరకుచున్న ప్రాచీన వృత్తాంతము ఇదియే. దీనిని కనిపెట్టినవారు పండితులు కారు, ఊరూపేరు లేని జాలరులు. పండితుడు చేసిన పని వారి విద్యను వ్రాసిపెట్టుట.

తరువాత చాలాకాలమునకు, 1496లో, ఇంగ్లండులో వింకిన్ డి వోర్డు అను ముద్రాపకుడు గాలపువేటను గూర్చి ఒక చిన్నగ్రంథమును అచ్చువేసెను. జూలియానా బెర్నర్సు అను సన్యాసిని దానిని రచించెనని వాడుకయేకాని గట్టి సాక్ష్యము లేదు. అందు పండ్రెండు బొమ్మయీగలు చెప్పబడినవి. ఏ మాసమున ఏది వాడవలెను, దేనికి ఏ రంగు ఉన్ని, ఏ పక్షి యీక అని నిర్ణయింపబడినది. మనవారు కార్తెలనుబట్టి విత్తనము నెన్నుకొన్నట్లే, వారు మాసమునుబట్టి ఈగ నెన్నుకొనిరి. మానసోల్లాసము ఈ గ్రంథమునకంటె మూడువందల యరువది యేండ్లకు పైగా పెద్దది. అయితే ఒక భేదము గమనింపుడు. వారి గ్రంథము తరువాత వారి పరంపర తెగలేదు. 1653లో ఐజాక్ వాల్టను గాలపువేటపై ఒక ప్రసిద్ధగ్రంథమును వెలువరించెను. 1676లో అతని మిత్రుడు చార్లెసు కాటను దానికి బొమ్మయీగలను గూర్చి రెండవభాగము చేర్చెను. ఒకరు వ్రాసినదానిని మరియొకరు ఏటి యొడ్డున పరీక్షించి, సరిదిద్ది, మరల వ్రాయుచు వచ్చిరి.

ఆ పరీక్షలలో ఒకటి మీకు వినోదముగా నుండును. ఆల్ఫ్రెడ్ రోనాల్డ్సు అనునతడు బ్లైతు అను ఏటిపై ఒక చిన్నకుటీరము కట్టించుకొని, కిటికీలోనుండి ట్రౌటు చేష్టలను గనిపెట్టుచుండెను. చచ్చిన ఈగలను గొట్టముతో నీటిపైకి ఊది, వానిలో కొన్నింటికి తేనె పూసెను, కొన్నింటికి మిరపకారమును ఆవపొడియు పూసెను. చేప తేనె పూసినదానిని మ్రింగినట్లే కారము పూసినదానిని కూడ మ్రింగెను! చేప ఎరను రుచినిబట్టి గాక, ముఖ్యముగా చూపునుబట్టి యెన్నుకొనునని అతడు గ్రహించెను. 1836లో అతడు ప్రకటించిన పుస్తకమున నిజమైన పురుగు బొమ్మను, దాని ననుకరించిన యీగను ప్రక్కప్రక్కన రంగులతో చిత్రించి చూపెను.

ఇక ఎన్నిక యెట్లో చెప్పెదను. అనుభవము గలవాడు ఏటికి పోయినవెంటనే ఈగల పెట్టె తెరువడు. కొంతసేపు ఒడ్డున కూర్చుండి నీటిని చూచును. అడుగున రాళ్ళు తిరుగవేసి వాని క్రింద ఏ పురుగులున్నవో పరీక్షించును. గడ్డిపై వ్రాలిన పురుగును చూచును. పిమ్మట నాలుగు ప్రశ్నలు వేసికొనును: పరిమాణమెంత? ఆకారమెట్టిది? రంగేది? చేప దానిని నీటిపై తినుచున్నదా, నీటిలోపల తినుచున్నదా? వీనిలో రంగుకంటె పరిమాణమును, ఉనికియును ముఖ్యములని పలువురి యనుభవము. గింజంత పురుగును తినుచున్న చేపకు గోరంత యీగను చూపిన బెదరి పోవును.

చివరి ప్రశ్నకు కారణము కలదు. ఇంగ్లీషువారు మే ఫ్లై యను జాతి యీగ జీవితములో ఎక్కువభాగము నీటి యడుగున పురుగుగా బ్రతుకును. పెరిగిన పిదప పైకి తేలి, చర్మము విడిచి, రెక్కలతో గాలిలోనికి లేచును. అప్పటినుండి దానికి ఆహారము లేదు. ఒకటి రెండు దినములలో జత గూడి, నీట గ్రుడ్లుపెట్టి చచ్చును. అడుగున నున్నప్పుడును, పైకి తేలునప్పుడును, చచ్చి నీటిపై పడినప్పుడును ట్రౌటు దానిని తినును. కావున ఒక్క పురుగునకే మూడు నాలుగు విధముల బొమ్మలు కావలెను. 1886లో హాల్ఫర్డు అనునతడు నీటిపై తేలు ఈగయే ఉత్తమమని గ్రంథము వ్రాసెను. 1910లో స్క్యూసు అనునతడు చేప తిండి చాలవరకు నీటిలోపలనే జరుగునని చూపి, మునుగు ఈగ పక్షమున వాదించెను. మన పండితుల వాదములవలెనే ఆ వాదము ఏండ్లతరబడి సాగెను. నేటివారు రెంటిని వాడుదురు. ఏది తగునో ఆనాటి నీరే చెప్పును.

విసరుట వేఱొక విద్య. బొమ్మయీగకు బరువు లేదు. రాయివలె దానిని విసరుటకు వీలుకాదు. బరువంతయు దారమున కుండును. వంగు కర్రతో దారమును వెనుకకు ముందునకు ఊపి, దారము పోవు వేగముచేత ఈగను మెల్లగా నీటిపై వ్రాలునట్లు చేయవలెను. ట్రౌటు ప్రవాహమునకు ఎదురుగా మొగము పెట్టి నిలుచును. కావున వేటగాడు దాని వెనుక, అనగా ప్రవాహము పోవు దిక్కున, నిలిచి పైకి విసరును. పడిన యీగ ఆకువలె నీటితోపాటు కొట్టుకొని రావలెను. దారము లాగుటచే ఈగ అడ్డముగా జరిగి నీటిపై చిన్నగీత పడినచో, చేప మోసమును గుర్తించును. చేప అందుకొన్న తరువాత తొందరపడి గుంజిన గాలము తప్పును. ఆలస్యము చేసిన చేప ఈకను ఉమ్మివేయును.

ఈ బొమ్మకు కావలసిన సామగ్రి యెచ్చటనుండి వచ్చెను? ఇక్కడ మన దేశము కథలో ప్రవేశించుచున్నది. నెమలిపింఛపు సన్ననిపోగులలో కంచువన్నెయు పచ్చవన్నెయు కలసి మెరయును. ఆ పోగు చుట్టినచో పురుగు ఒడలి మెరుపు అచ్చముగా వచ్చును. అందుచేత ఎన్నో ప్రసిద్ధములైన యీగలకు నెమలిపోగే దేహము. నల్లమల మొదలైన దక్షిణదేశపు టడవులలో తిరుగు బూడిదవన్నె యడవికోడి మెడయీకలపై లక్కచుక్కలవంటి గట్టి మెరుపుచుక్కలుండును. బ్రిటనులో ఈగలు కట్టువారు పందొమ్మిదవ శతాబ్దమున ఆ యీకలకై మిక్కిలి ఆశపడిరి. చీల్చి అతికిన వెదురు కర్రలు మొదట వాడుకలోనికి వచ్చినప్పుడు కలకత్తా వెదురనుపేర మన వెదురే వాడబడెను. తరువాత చైనా వెదురు దాని స్థానమాక్రమించెను.

ఈకలకై పక్షులను చంపుట హద్దుమీరుటచే 1902లో భారతప్రభుత్వము అడవిపక్షుల యీకల యెగుమతిని నిషేధించెను. నెమలి 1963లో జాతీయపక్షి యయ్యెను. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము నెమలికిని, ఆ యడవికోడికిని రక్షణ కల్పించెను. ఒక చేపను మోసపుచ్చుటకు ఒక పక్షిజాతియే తరుగవలసివచ్చినచో ఆ విద్య ఎంత గొప్పదైనను దానికి హద్దు గీయవలసినదే.

ఈకలు ఇచ్చటనుండి పోగా, చేప అచ్చటనుండి వచ్చెను. ఇంగ్లీషువారు తమ వేటకై ట్రౌటును మన దేశమునకు తేజూచిరి. మద్రాసు సైన్యపు వైద్యుడును, మత్స్యశాస్త్రవేత్తయునగు ఫ్రాన్సిసు డే 1863లో నీలగిరులకు తెప్పింప యత్నించి విఫలుడయ్యెను. ఓడప్రయాణపు వేడికి గ్రుడ్లు నిలువలేదు. ఇరువదవ శతాబ్దారంభమున, నీలగిరులలోని అవలాంచి వద్ద గ్రుడ్లు పొదిగించు కేంద్రము ఏర్పడిన తరువాతనే, అచ్చటి చల్లని వాగులలో ఇంద్రధనుస్సు ట్రౌటు స్థిరపడినది. కాశ్మీరమునకు 1899లో వచ్చిన మొదటివిడత దారిలోనే నశింపగా, 1900లో వచ్చిన రెండవది బ్రతికెను. ట్రౌటుకు సుమారు ఇరువది డిగ్రీలకు లోపలి చల్లదనమును, రాళ్ళపై దుమికి గాలి కలసిన నీరును కావలెను. వేసవిలో మడుగులుగా మిగిలి కాగిపోవు కాగ్నానదిలో అది ఒక దినమైనను నిలువజాలదు.

ట్రౌటు లేని మన వేడినీటిలో ఏమి చేయవలెనని ఆలోచించిన ఇంగ్లీషు అధికారియు ఒకడు కలడు. మద్రాసు సివిలు సర్వీసులోని హెన్రీ సలివాన్ థామసు 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చి ఒక గ్రంథమును, 1887లో ప్రత్యేకించి చెరువులలోని గాలపువేటను గూర్చి మరియొక గ్రంథమును వ్రాసెను. అతడు తన దేశపు ఈగల పట్టికను మన చేపలపై రుద్దలేదు. ఇచ్చటి చేప ఇచ్చట ఏమి తినుచున్నదో చూచి వ్రాసెను. సన్నకన్నుల వలలతో పిల్లచేపలను ఊడ్చుటవలన కలుగు నష్టమును అతడును, డేయును పదేపదే హెచ్చరించిరి. అట్టి హెచ్చరికల తరువాత 1897లో వచ్చిన మత్స్యచట్టము నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను నేరములుగా చేసెను.

ఇప్పుడు నేను దాచియుంచిన మూడవ కారణము. కొంతకాలము క్రిందట ఒక చెరువుకట్టపై ఆడుకొను పిల్లలను, “ఈ నీటిలో ఏ చేపలున్నవి?” అని అడిగితిని. రవ్వు, బొచ్చె, జిలేబి అని మూడు పేర్లు చెప్పి ఊరకుండిరి. ఆ మూడింటిలో జిలేబి 1952లో విదేశమునుండి మన దేశమునకు వచ్చిన చేప. ప్రక్కన వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు నవ్వి, వ్రేళ్ళు మడచుచు ఇరువదికి పైగా పేర్లు చెప్పెను. ఏది బురదలో నుండును, ఏది తొలివరదకు ఎదురెక్కును, ఏది ఏ కార్తెలో గ్రుడ్లుపెట్టును అనికూడ చెప్పెను. నా చేతిలో కాగితము లేకపోయెను. మరల పోవునప్పటికి ఆయన లేడు.

2016లో కొర్రమట్ట తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది. దాని పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటిపై తిరుగుచుండగా తల్లిదండ్రులు క్రిందనుండి కాచుననియు, ఆ సమయమున వానిని పట్టినచో గుంపంతయు ఇతర చేపలపాలగుననియు మీరెరుగుదురు. చిన్నకప్పను గాలమునకు గ్రుచ్చి నీటిపై ఆడించినప్పుడు కొర్రమట్ట ఎట్లు ఎగిరిపట్టునో మీరెరుగుదురు. మాసిడోనియా జాలరులకు తెలిసిన విద్యకు ఇది యేమాత్రమును తీసిపోదు. భేదమొక్కటే. వారి విద్యను వ్రాసినవాడొకడు దొరికెను. మనకు కల్యాణి రాజు తరువాత అట్టివాడు దొరకుట అరుదయ్యెను.

కావున పెద్దలారా, మీలో వ్రాయగలవారు ఒక చిన్నపుస్తకము తెరువుడు. మీ చెరువు పేరు, మీ వాగు పేరు, అందుండిన చేపల పేర్లు, అవి తిను పురుగులు, అవి కదలు కార్తెలు, మీ తాతలు పాటించిన కట్టుబాట్లు వ్రాయుడు. వ్రాయలేనివారిని అడిగి వ్రాయుడు. బెస్తవారి యిండ్లకు పోయి, ముదిరాజుల యిండ్లకు పోయి అడుగుడు. రాబోవు తొలకరినాటి సాయంకాలము మనుమని చేయి పట్టుకొని కట్టపైకి తీసికొనిపోయి, ఉసిళ్ళు నీటిపై వ్రాలునప్పుడు ఏ చేప ముందు పైకి వచ్చునో చూపుడు. దాని పేరు వానిచేత పలికింపుడు.